పిల్లల పుస్తకాలకి బొమ్మలేయాలంటే ఎవరి దారి పట్టాలి? సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఒక పోలిక

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు బొమ్మలు నేర్చుకునే పిల్లలకి గురువుల కరువు లేదు. చిక్కంతా అక్కడే. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతకెళ్తే సవర వినపడే ఊళ్ళు మనవి. అటక మీద తాతగారి నాటి చందమామలుంటాయి. కొండెక్కితే సవర ఇళ్ళ గోడల మీద ఇడితల్ బొమ్మలు. పూరీ వెళ్ళొచ్చినవాళ్ళ ఇంట్లో పటచిత్రం. ఇవి చాలవన్నట్టు చేతిలో ఫోను, అందులో లోకంలోని చిత్రకారులంతా. "అక్కా, వపాలా వెయ్యనా, వార్లీలా వెయ్యనా?" అని (వపా అంటే చందమామ అట్టల వడ్డాది పాపయ్య, వార్లీ మహారాష్ట్ర గోడబొమ్మ) అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి?

"నీకేది నచ్చితే అది" అనడం తేలిక. నేననను. నచ్చడం వేరు, పనికిరావడం వేరు. పిల్లల పుస్తకంలో బొమ్మ గోడకి తగిలించుకునేది కాదు. పదహారు పేజీలో, ఇరవైనాలుగో, ముప్ఫైరెండో, అంత దూరమూ ఒకే పిల్ల నడవాలి, పరిగెత్తాలి, అలగాలి. ఎటు తిరిగినా అదే పిల్ల అని నాలుగేళ్ళవాడు గుర్తుపట్టాలి. అక్షరాలకి చోటు మిగలాలి. చవక కాగితం మీద అచ్చయినా మొహం మొహంలాగే ఉండాలి. ఏ పెద్ద చిత్రకారుడి దగ్గరికి వెళ్ళినా ఈ పనికి ఆయన దగ్గర ఏం దొరుకుతుందో చూసుకునే వెళ్ళాలి.

అందుకని అందరికీ ఒకే పేజీ ఇచ్చి చూద్దాం. గుణుపురం సంత. ఒక పాప చేతిలో తాడుంది, తాడు చివర ఉండాల్సిన మేకపిల్ల లేదు. పాప వెనక్కి తిరిగి చూసింది. చుట్టూ జనం. మేకపిల్ల ఆ జనంలోనే ఉంది. చదివే పిల్లలకి కనపడాలి, పాపకి కనపడకూడదు. ఇంతే పేజీ. వేసి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో.

ముందు మన కొండల్లోది. రాయగడ, గజపతి జిల్లాల లాంజియా సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, కొస నలగ్గొట్టిన పుల్లని కుంచెగా చేసుకుని వేస్తారు. మొదట నలుచదరంగా ఒక చట్రం గీస్తారు. అది ఇల్లు. అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి నింపుకుంటూ పోతారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, నిచ్చెనలు, సూర్యుడు, చంద్రుడు. సైకిలూ విమానమూ కూడా ఉంటాయి. దూరానివి చిన్నవి, దగ్గరవి పెద్దవి అనే లెక్క లేదు. దగ్గరికెళ్ళి చూడండి: ఒక వరసలో మనుషులంతా ఒకేలా ఉన్నట్టుంటారు గానీ ఒకడి నెత్తిన కుండ ఉంటుంది, ఇంకొకడి చెయ్యి పక్కవాడి భుజం మీద ఉంటుంది. కళ్ళు ఒక్కో మనిషి దగ్గరా ఆగి ముందుకెళ్తాయి.

మన సంత పేజీకి ఇది బంగారం. సంతంతా ఒకే చట్రంలో పడుతుంది, మేకపిల్ల ఏ మూలనున్నా పాపంత స్పష్టంగానే ఉంటుంది, అయినా వేలు పెట్టి వెతకాల్సిందే. గుంపుని ఎలా పరవాలో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి బడి నాకు తెలీదు. కానీ పేజీ తిప్పితే పాప ఏడవాలి. ఇడితల్‌లో మొహాలుండవు. వంగిన నడుము, వాలిన చెయ్యి, వీటితోనే బాధ చెప్పాలి. చెప్పచ్చు, దానికి చాలా చెయ్యి తిరగాలి.

ఇంకో సంగతి అంతకంటే ముఖ్యం. ఇడితల్ అలంకారానికి వేసింది కాదు. చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం పూజతో ముడిపెట్టి వేసే బొమ్మ అది. నాలుగు కర్రమనుషుల్ని తెల్లరంగుతో గీసి "ట్రైబల్ స్టైల్" అని కింద రాసుకోవడం నాకు ససేమిరా నచ్చదు. కథ సవరలదైతే బొమ్మ వేయాల్సింది సవర చిత్రకారులే. మీకు లేఅవుట్ (పేజీ అమరిక) తెలిస్తే అది మీరు చెయ్యండి, అట్ట మీద ఇద్దరి పేర్లూ, డబ్బులో ఇద్దరి వాటాలూ ఉండాలి. కథ మీదైతే ఆ పరిచే పద్ధతి మాత్రం తీసుకోండి, మనుషుల్ని మీ చేత్తో వేసుకోండి. పోతే వార్లీ మహారాష్ట్రలో పాల్ఘర్, ఠాణే వైపుది. రెండు త్రికోణాలు కొనలు కలిపితే వార్లీ మనిషి. అందులో ఆడా మగా తేడా తెలుస్తుంది, సవర బొమ్మలో అంత తెలియదు. నెట్‌లో ఈ రెంటినీ కలిపేసి పెడుతుంటారు. తెలిసిన ఎడిటర్ ఒక్క చూపులో పట్టేస్తుంది, ఆ తర్వాత మీ మిగతా బొమ్మల్ని కూడా అనుమానంగానే చూస్తుంది.

పటచిత్రం సంగతి వేరు. అక్కడ బలమంతా గీతది. చింతగింజల జిగురూ సుద్దా పట్టించి, రాయితో నునుపు చేసిన గుడ్డ మీద రంగులన్నీ నింపాక చివర్న నల్లగీతతో కళ్ళు, నగలు, వేళ్ళు తేలుస్తారు. శంఖం పొడితో తెలుపు, దీపం మసితో నలుపు, ఇంగిలీకంతో ఎరుపు, హరితాళంతో పసుపు, అన్నిటికీ వెలగ బంక. (పాత పద్ధతిలో రంగులు నూరాలని సరదా పడేవాళ్ళకి ఒక మాట: ఇంగిలీకంలో పాదరసముంది, హరితాళంలో పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే పోస్టర్ రంగులే మేలు.) పలకల్లా పరిచిన రంగు, చుట్టూ తెగని గీత కాబట్టి అచ్చులో చెక్కుచెదరదు. అది పెద్ద లాభం. నష్టమేమిటంటే ఖాళీ అంటే దానికి గిట్టదు. అంచులో పూలు, అంచు లోపల తీగ, తీగ లోపల ఆకులు. అలాంటివి వరసగా ఇరవై పేజీలంటే పూటపూటా పెళ్ళిభోజనమే, పిల్లలకి అజీర్తి. మన సంత పేజీ పటచిత్రంలా వేస్తే పాప గౌను అంచు మేకపిల్లని మింగేస్తుంది. పుస్తకంలో ఒకటో రెండో పేజీలకి, అట్టకి, కలలోకో పురాణంలోకో వెళ్ళే చోటికి వాడుకోండి.

అదే చేతుల నుంచి వచ్చిన గంజపా పేకముక్కలు మాత్రం నాకు ఇంకా ఎక్కువ పనికొచ్చేవిగా కనపడతాయి. గుండ్రటి ముక్కలు, అరచేతిలో ఇమిడేవి, పర్లాకిమిడిలోనూ వాటికి పాత వాడుక ఉంది. అంత చిన్న వలయంలో ఎవరి బొమ్మో ఆటగాడు చప్పున గుర్తుపట్టాలి. పాత్రని కట్టుకునేటప్పుడు ఇదే పరీక్ష పెట్టండి: సోడా మూతంత వలయం గీసి అందులో మీ పాపని వేయండి. ఆ కొలతలో కూడా పక్కింటి పాప కాదు, ఈ పాపేనని తెలిస్తే పాత్ర కుదిరినట్టే. తెలియకపోతే జడ మార్చండి, గౌను రంగు మార్చండి, చెవి పెద్దది చెయ్యండి. మొహం దిద్దుతూ కూర్చోకండి.

ఇక తెలుగు పత్రికల వంశం. 1947లో చందమామ మొదలైనప్పటి నుంచి చిత్రా, 1952లో చేరిన శంకర్, అట్టల మీద వడ్డాది పాపయ్య, వీళ్ళందరి చేతుల్లో మూడు తరాల పిల్లల కళ్ళు పెరిగాయి. వపా (1921–1992) శ్రీకాకుళంలో పుట్టారు, పాతపట్నం దాటితే పర్లాకిమిడే కనుక మనవాడనుకుంటే తప్పులేదు. ఆయన రంగు చూసి నేర్చుకోవాల్సిందే. నీడ అంటే నలుపు కలపడం కాదనీ, ఎండలో ఒంటి రంగు పక్కనున్న చీరని బట్టి మారుతుందనీ ఆయన బొమ్మల్లో కనపడుతుంది. కానీ అవి అట్టబొమ్మలు. ఒక్కో బొమ్మ ఒక్కో లోకం, దాని తర్వాత పేజీ లేదు. వపాని మొదటి గురువుగా పెట్టుకున్నవాళ్ళు పాప మొహాన్ని వారం రోజులు దిద్ది, రెండో పేజీ దగ్గర చతికిలబడతారు.

శంకర్ దగ్గర దొరికేది మరొకటి. కె.సి. శివశంకరన్ ఆయన అసలు పేరు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుడు ఆయన చెయ్యే. కథలో ఏ క్షణం దగ్గర ఆగాలో ఆయనకి తెలుసు. కొట్టిన క్షణం కాదు, చెయ్యెత్తిన క్షణం వేస్తారు. కెమెరా ఎక్కడ పెట్టాలి, చెట్టుకొమ్మ మీంచి చూడాలా, నేల మీంచి చూడాలా, ఎవరి వీపు ముందుకి రావాలి, ఇవన్నీ సిరా గీతల్లో విప్పి పెట్టిన పాఠాలు. సంత పేజీ శంకర్ పద్ధతిలో ఆలోచిస్తే ఇలా వస్తుంది: ముందు వరసలో కూరగాయలమ్మే ముసలమ్మ వీపు పెద్దగా, ఆమె బుట్ట చాటున మేకపిల్ల, నడిమధ్య దూరంగా తాడు పట్టుకున్న పాప, ఆమె చూపు తప్పు దిక్కుకి. కథ మొత్తం చూపుల్లోనే నడుస్తుంది. ఈ ఒక్క ఉపాయానికే నేను ఆయన్ని మొదటి వరసలో కూర్చోబెడతాను.

ఆయన దగ్గర తీసుకోకూడనివీ ఉన్నాయి. రాజులు, మంత్రులు, పూటకూళ్ళమ్మ, రాక్షసుడు, అన్నీ అచ్చుపోసిన మూసలు. గుణుపురం బస్టాండు పక్క టీకొట్టు, యూనిఫాం పిల్లలు, నౌపడ నుంచి వచ్చే రైలు ఆ మూసల్లో పట్టవు. పైగా చందమామ పేజీలో కథంతా అక్షరాల్లోనే ఉండేది, బొమ్మ దానికి సాక్ష్యం చెప్పేది. ఇప్పటి బొమ్మల పుస్తకంలో సగం కథ బొమ్మే చెప్పాలి. "మేకపిల్ల బుట్ట చాటున ఉంది" అని అక్షరాల్లో రాస్తే ఆట పోయినట్టే.

బాపు (1933–2014) గురించి కాస్త జాగ్రత్తగా చెప్పాలి, అభిమానులు కర్రలు పట్టుకొస్తారు. అంత తక్కువ గీతలో అంత మనిషిని పెట్టినవాళ్ళు తెలుగులో ఇంకొకరు లేరు. అందుకే ఆయన్ని మొదట్లో అనుకరించొద్దంటాను. ఆ గీత చూసినవాళ్ళకి తప్పకుండా అంటుకుంటుంది, వదలదు. వాలుజడ, పెద్ద కళ్ళు, నడుము దగ్గర ఒంపు, అన్నీ వచ్చేస్తాయి, కింద మీ సంతకం మాత్రం మిగులుతుంది. బాపు కార్టూన్లలో పిల్లలెలా నిలబడతారో, చేతులెక్కడ పెట్టుకుంటారో చూడండి. చూసి పుస్తకం మూసేసి మీ వీధిలో పిల్లల్ని వేయండి. పుస్తకం తెరిచి పెట్టుకుని వేయకండి.

విదేశాల వాటిలో మన ఇళ్ళకి ముందుగా వచ్చినవి మాస్కో పుస్తకాలు. బరంపురంవాడైన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేసిన కాలంలో విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. పాత పుస్తకాల కొట్లలో ఇప్పటికీ తగులుతుంటాయి. కనపడితే వదలొద్దు. రష్యన్ చిత్రకారుడు బిలీబిన్ లాంటివాళ్ళు జానపద అంచుని, కథ బొమ్మని ఒకే పేజీలో ఎలా కలిపారో చూస్తే, పటచిత్రం అంచుతో ఏం చేయచ్చో తోస్తుంది. అమెరికా చిత్రకారుడు ఎరిక్ కార్ల్ రంగులు పూసిన పల్చటి కాగితాన్ని కత్తిరించి అతికించేవాడు. గీత బలహీనంగా ఉండి రంగు మీద ప్రేమ ఉన్నవాళ్ళకి అది మంచి దారి, పాత పెళ్ళికార్డులు, గాలిపటాల కాగితం చాలు. ఇక ఫోనులో వరసగా వచ్చే బొమ్మలంటారా, వాటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. అన్ని దేశాల పిల్లలకీ అవే గులాబి బుగ్గలు, అదే కాఫీరంగు వెలుగు. పైన్ చెట్టు కింద కూర్చున్న పిల్ల మన కథలోకి రాదు, మనకి జీడిమామిడి తోట ఉంది.

ఇన్నిటినీ ఒకచోట కలిపి నడిచినవారు ఉన్నారా అంటే బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్‌ని చూడమంటాను. టాగూర్ బెంగాలీ వాచకం సహజ్ పాఠ్‌కి 1930లో ఆయన వేసిన లినోకట్ (లినోలియం పలక మీద చెక్కి అచ్చేసే) బొమ్మల్లో నలుపూ తెలుపూ తప్ప ఏమీ లేదు. పల్లెటూరి రోజువారీ జీవితమంతా అందులో ఉంది. చవక అచ్చుకి తగ్గట్టే ఆలోచించి వేసినవి. రంగుల పెట్టె కొనే స్తోమత లేనివాళ్ళు ముందుగా చూడాల్సింది వీటిని.

నన్నడిగితే మొదటి గురువు కథ నడిపేవాడై ఉండాలి, రెండో గురువు చేతికి తగినవాడు. అంటే మొదట శంకర్, లేదా మీకు నచ్చిన మరో కథ నడిపే చిత్రకారుడు. సిరా గీత మీద పట్టుంటే ఆయన పక్కన నందలాల్‌ని పెట్టుకోండి. రంగు బాగా కుదిరేవాళ్ళకి వపా, కార్ల్. గుంపులు, ఊళ్ళు, అడవులు వేయడం ఇష్టమైతే సవర గోడ దగ్గర కూర్చోండి, ముందు ఆ ఇంటివాళ్ళని అడిగి. అలంకారం అంటే ప్రాణమైతే పటచిత్రం, కానీ కత్తెర పట్టుకుని. ఇద్దరికి మించి ఒకేసారి వద్దు. ఆరుగురి బొమ్మలు కలిపితే ఎవరిదీ కాని బొమ్మ వస్తుంది.

కాలేజీనా, ఇంట్లోనా అన్నదానికి ఎక్కువ తర్కం అక్కర్లేదు. గంజాం జిల్లాలోనే ఖల్లికోటలో ప్రభుత్వ చిత్రకళా కళాశాల ఉంది, అటు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ ఉంది. మనిషి శరీరం, రంగు, అచ్చు పద్ధతులు అక్కడ బాగా వస్తాయి. పేజీ తిప్పడం మాత్రం నేర్చుకోవాల్సింది మీరే. వెళ్ళగలిగితే వెళ్ళండి. వెళ్ళలేకపోతే బుగుడ బిరంచినారాయణ గుడి గోడల మీద రామాయణం చూసి రండి, కథని గోడ పొడుగునా ఎలా నడిపారో తెలుస్తుంది. కాగితమా ట్యాబా అనేది ఇంకా చిన్న ప్రశ్న. కాగితం మీద వేస్తే మంచి స్కానింగు కావాలి, కనీసం 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), ఒట్టి గీతైతే 600. కంప్యూటరుంటే కృత అనే ప్రోగ్రాం ఉచితం. దేని మీద వేసినా నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు అదనంగా వేయండి, కత్తిరింపులో పోతుంది. రెండు పేజీలు కలిసిన బొమ్మలో పాప మొహం కుట్టు మీద పడనివ్వకండి.

మన వైపు వాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది అక్షరాల చోటు. ఇక్కడ పుస్తకం ఒక్క భాషలో ఆగదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని సవర పిల్లలకి వాచకాలు రాసినప్పటి నుంచి ఈ నేల మీద పిల్లల పుస్తకమంటే రెండుమూడు భాషల వ్యవహారమే. తెలుగు లైనుకి పైన గుడులు, కింద వత్తులు. "లక్ష్మి", "సంతృప్తి" లాంటి మాటలు పైలైను, కిందిలైను రెంటినీ గుద్దుకుంటాయి, కాబట్టి ఎడం ఎక్కువ కావాలి. అదే వాక్యం ఒడియాలో పొడుగు మారుతుంది. రెండు భాషలూ ఒకే పేజీలో వేస్తే చోటు రెండింతలు. అందుకని ఆకాశమో, నేలో, గోడో, ఏదో ఒకటి పేజీలో మూడోవంతు ఖాళీగా, లేతరంగులో వదలండి. సంత పేజీలో దుకాణం బోర్డు ఉంటే ఆ రాతని కంప్యూటర్‌లో విడి లేయర్‌లో, అంటే బొమ్మ మీద వేరే పొరలో, పెట్టండి. "కిరాణా" అని బొమ్మలోనే చెక్కేస్తే ఒడియా ప్రతిలో ఎవరో దాన్ని తుడిచి నాశనం చేస్తారు.

ఎవరికి పంపాలి? తెలుగులో సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్ళున్నారు. చెన్నై తూలిక తెలుగుతో సహా చాలా భాషల్లో వేస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తుంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో బొమ్మలు ఓపెన్ లైసెన్సుతో ఉంటాయి: మీ పేరు చెప్పి ఎవరైనా, అమ్మకానికైనా వాడుకోవచ్చు. కొత్తవాళ్ళకి పేరు నాలుగు భాషల్లో తిరగడానికి అది మంచిదే, కానీ మీ ప్రాణంగా పెంచుకున్న పాత్రని అందులో పెట్టేముందు ఆలోచించండి, వెనక్కి రాదు. ఎవరికి పంపినా పది విడిబొమ్మలు పంపకండి. వరసగా మూడు పేజీలు పంపండి: ఒకటి గుంపు, ఒకటి ఒంటరి మొహం, ఒకటి పరుగు.

పని దొరికాక సంతోషంలో సంతకం పెట్టేస్తారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కు వేయించుకున్నవాళ్ళదే. కాబట్టి నోటిమాట మీద నడవొద్దు, హక్కు మీదేనని, వాళ్ళకి ఫలానా భాషలకి, ఫలానా ఏళ్ళకి ఇస్తున్నానని రాయించుకోండి. హక్కుల బదిలీ రాతలో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకూ అని 19వ సెక్షన్ అనుకుంటుంది. హక్కులన్నీ అమ్మేసినా బొమ్మ మీదని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది. అయినా అట్ట మీద పేరు, రచయిత పేరంత అక్షరాల్లో, అని ఒక లైను ఒప్పందంలో చేర్చమనండి. అడ్వాన్సు తీసుకోకముందే అడగండి, తీసుకున్నాక అడిగితే వినేవాళ్ళు తక్కువ.